బాక్సర్ శివ థాపా 56 కేజీల నుంచి 60కి మారి లాభపడ్డాడా, నష్టపోయాడా? (మా మేనల్లుడి కోసం అడుగుతున్నా)

గాజువాక_మావయ్య:

అందరికీ నమస్కారం. నేను బాక్సింగ్ చూసేవాడినే గానీ ఆడినవాడిని కాదు, ఎక్కడైనా తప్పు మాట్లాడితే సరిదిద్దండి.

మా అక్క కొడుక్కి పదిహేడేళ్ళు. మూడేళ్ళ నుంచి కోచింగ్‌కి వెళ్తున్నాడు, 55 కేజీల్లో ఆడతాడు. ఈ ఏడాది ఏమైందో ఏమో తాటిచెట్టులా పెరిగిపోయాడు, మామూలు రోజుల్లో తూకం వేస్తే 59, పండగ వెళ్ళిన మర్నాడైతే 60. పోటీ ఉందంటే చాలు వారం ముందునుంచి అన్నం మానేస్తాడు, ఆ ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరిగెడతాడు, ఆఖరి రెండ్రోజులు నోట్లో నీళ్ళు పుక్కిలించి ఊసేయడమే. మా అక్క గోల నేను చెప్పక్కర్లేదు, "కొట్టుకునే ఆటకి పస్తులుండి వెళ్ళడమేంట్రా, తిని వెళ్తే కదా కొట్టేది" అంటుంది. నాకూ అదే నిజమనిపిస్తోంది. కానీ వాడి కోచ్ ఇంకో ఏడాది 55లోనే ఉండమంటున్నాడు, 60కి వెళ్తే పెద్ద ఒళ్ళున్నోళ్ళు నలిపేస్తారంట.

ఇక్కడ నాకు గుర్తొచ్చింది శివ థాపా. 2017 అక్టోబర్‌లో మా వైజాగ్‌లో మగవాళ్ళ నేషనల్స్ జరిగితే ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళా, శివ థాపాని చూద్దామనే. అప్పటికే వరల్డ్స్ (ప్రపంచ చాంపియన్‌షిప్) మెడల్ ఉన్నోడు కదా, ఈజీగా గెలుస్తాడు అనుకున్నా. తీరా 60 కేజీల ఫైనల్లో మనీశ్ కౌశిక్ అనే ఆర్మీ కుర్రోడి చేతిలో ఓడిపోయాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన "ఇది ఈయన బరువు కాదు బాబూ, 56లో ఉండాల్సిన మనిషి" అన్నాడు. ఆ మాట అప్పట్నుంచీ అలా ఉండిపోయింది. ఆ తర్వాత శివ ఒలింపిక్స్‌లో కనపడనే లేదు.

అందుకే అడుగుతున్నా. బరువు మారడం వల్ల ఆయన కెరీర్ పోయిందా? అసలు ఆయన కెరీర్‌ని ఎలా చూడాలి? తెలిసినవాళ్ళు చెప్తే అక్కకీ, వాడికీ ఏదో ఒకటి చెప్పగలను.

పాత_స్కోర్‌కార్డు:

ఆ పెద్దాయన చెప్పింది సగం నిజం, మిగతా సగం తప్పు. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక ఉంటేనే చదవండి.

శివది గువాహటి. నాన్న కరాటే మాస్టారు, ఆరుగురు పిల్లల్లో ఇతనే చివరివాడు. 2010లో సింగపూర్ యూత్ ఒలింపిక్స్‌లో 54 కేజీల సిల్వర్. ఫైనల్లో ఓడించింది క్యూబా రోబీసీ రమీరెజ్, ఈ పేరు గుర్తుపెట్టుకోండి మళ్ళీ వస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఆస్తానాలో ఆసియా క్వాలిఫయర్ గెలిచి పద్దెనిమిదేళ్ళకే లండన్ టికెట్ కొట్టాడు, అప్పటిదాకా మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి అంత చిన్న వయసులో క్వాలిఫై అయిన బాక్సర్ లేడు. అక్కడికెళ్తే మొదటి బౌటే మెక్సికో ఆస్కార్ వాల్డెజ్‌తో, 9-14తో ఓడిపోయాడు (అప్పుడింకా కంప్యూటర్‌లో పంచ్‌లు లెక్కపెట్టే స్కోరింగ్, ఇప్పటి 10 పాయింట్ల పద్ధతి కాదు).

తర్వాత 2013లో అమ్మాన్‌లో ఆసియా చాంపియన్‌షిప్ గోల్డ్. అది 56 కేజీల్లో. అప్పుడు మన ఫెడరేషన్ మీద ఐబా (అప్పటి ప్రపంచ బాక్సింగ్ సంస్థ) సస్పెన్షన్ ఉంది, ఇంట్లో పెద్దలు కుర్చీల కోసం కొట్టుకుంటుంటే పిల్లలు బయటికెళ్ళి గోల్డ్ తెచ్చారు. 2015లో దోహా వరల్డ్స్‌లో బ్రాంజ్, విజేందర్, వికాస్ కృష్ణన్ తర్వాత వరల్డ్స్ మెడల్ తెచ్చిన మూడో మనవాడు. 2016లో రియోకి మన మగ బాక్సర్లు ముగ్గురే వెళ్ళారు, అందులో ఇతనొకడు. డ్రా తీస్తే మొదటి బౌట్‌లో ఎవరు? రోబీసీ రమీరెజ్! అప్పటికే లండన్ గోల్డ్ మెడలిస్ట్. 0-3తో అయిపోయింది, ముగ్గురు జడ్జీలూ అటే. ఆ రమీరెజ్ రియోలో కూడా గోల్డే కొట్టాడు.

రియో అయ్యాక 60కి వచ్చేశాడు, అంటే లైట్ వెయిట్. ఇక్కడే అందరూ ఆగిపోయి "అక్కడే తప్పు చేశాడు" అంటారు. కానీ లెక్క చూడండి. ఆసియా చాంపియన్‌షిప్స్‌లో అతనికి మొత్తం ఆరు మెడల్స్. 2013 గోల్డ్, 2015 బ్రాంజ్, ఈ రెండూ 56లో. 2017 తాష్కెంట్ సిల్వర్, 2019 బ్యాంకాక్ బ్రాంజ్, ఈ రెండూ 60లో. 2021 దుబాయ్ సిల్వర్ 64లో, 2022 అమ్మాన్ సిల్వర్ 63.5లో. మొదటి గోల్డ్ ఏ ఊళ్ళో కొట్టాడో తొమ్మిదేళ్ళ తర్వాత అదే ఊళ్ళో ఆరోది. ఎక్కిన ప్రతి మెట్టు మీదా రెండేసి మెడల్స్ అన్నమాట. బరువు మారి చెడిపోయిన మనిషి లెక్క ఇలా ఉంటుందా?

తాష్కెంట్‌లో సెమీస్‌లో మంగోలియా ఒట్‌గోన్‌దలైని కొట్టాడు, ఆయన రియోలో ఇదే 60 కేజీల బ్రాంజ్ మెడలిస్ట్, టాప్ సీడ్. కొత్త బరువులోకి వచ్చిన కొన్ని నెలలకే! ఫైనల్లో ఉజ్బెక్ అబ్దురైమోవ్‌తో ఆడుతుంటే తలలు ఢీకొని దెబ్బ తగిలి బౌట్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఏడాదే హాంబర్గ్ వరల్డ్స్‌లో ఫుడ్ పాయిజనింగ్ అయి రింగ్ ఎక్కకుండానే వాకోవర్ ఇచ్చాడు. 60లో అతనికి టైమ్ బాలేదు అనండి ఒప్పుకుంటా, ఒళ్ళు సరిపోలేదు అంటే మాత్రం ఒప్పుకోను.

నాలుగో_తాడు:

పైన అన్న చెప్పినవన్నీ కరెక్టే గానీ ఈ "డ్రా బాలేదు, టైమ్ బాలేదు" పాట పదేళ్ళుగా వింటున్నాం. ఒలింపిక్స్ రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ మొదటి బౌట్. సరే వాల్డెజ్, రమీరెజ్ గొప్పోళ్ళు, వదిలేద్దాం. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఏమైంది, 60లోనే కదా, చైనా బాక్సర్ చేతిలో తొందరగానే ఇంటికి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో పాకిస్తాన్ కుర్రోణ్ణి 5-0తో కొట్టి తర్వాతి బౌట్‌లో స్కాట్లాండ్ రీస్ లించ్ చేతిలో 1-4. 2023 హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో కిర్గిజ్ బాక్సర్ మీద 0-5, ఒక్క జడ్జి కూడా ఇటు ఇవ్వలేదు. అక్కడ రమీరెజ్ ఎవరూ లేరు కదా?

నాకు శివ అంటే కోపమేం లేదు, చేతులు అంత స్పీడుగా ఆడే మనిషిని మన దగ్గర తక్కువ చూశా. కానీ ఆసియా చాంపియన్‌షిప్ వేరు, ఏషియన్ గేమ్స్ వేరు, ఒలింపిక్స్ వేరు. జనం చూసేది నాలుగేళ్ళకోసారి వచ్చేవే. కామన్వెల్త్‌లో లేదు, ఏషియన్ గేమ్స్‌లో లేదు, ఒలింపిక్స్‌లో లేదు. మరి కామన్వెల్త్ సిల్వర్ ఉన్న మనీశ్ కౌశిక్‌ని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు అంటే అదింకో బాధ.

పాత_స్కోర్‌కార్డు:

@నాలుగో_తాడు జకార్తా, హాంగ్జౌ సంగతి ఒప్పుకుంటున్నా, వాటికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఇతన్ని పెద్ద పోటీల్లో ఓడించినవాళ్ళ వరస ఒక్కసారి చూడండి, ఇది నేను సాకుగా చెప్పట్లేదు, సరదాగా చూడండి. వాల్డెజ్ తర్వాత ప్రొఫెషనల్‌లో రెండు బరువుల్లో వరల్డ్ చాంపియన్. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో కొట్టిన మైకేల్ కాన్లన్ అప్పటికే లండన్ బ్రాంజ్, 2015లో దోహా గోల్డ్. దోహా సెమీస్‌లో కొట్టిన అఖ్మదలియేవ్ రియో బ్రాంజ్, తర్వాత ప్రోలో రెండు బెల్టులు. రమీరెజ్ రెండు ఒలింపిక్ గోల్డ్‌లు, పైగా ప్రోలో కూడా వరల్డ్ టైటిల్. ఈ నలుగురూ ఇతన్ని కొట్టింది 56లోనే! అంటే ఆ పెద్దాయన "ఇది ఈయన బరువు" అన్న 56 ఆ రోజుల్లో ప్రపంచంలోనే ఘోరమైన బరువు. అక్కణ్ణుంచి ఎవడైనా బయటపడాలనే చూస్తాడు.

ఇందూరోడు:

మా నిజామాబాద్ ముచ్చట లేకుండ ఈ థ్రెడ్ ఎట్ల నడుస్తది 😄 శివ 56 ఖాళీ జేసినంకనే మా హుసాముద్దీన్‌కు జాగ దొరికింది. 2018 గోల్డ్‌కోస్ట్‌ల 56 కేజీల కామన్వెల్త్ బ్రాంజ్, 2022ల 57ల మల్ల బ్రాంజ్, 2023 తాష్కెంట్ వరల్డ్స్‌ల బ్రాంజ్. ఆ వరల్డ్స్ సెమీస్ మోకాలి దెబ్బతోని ఆడనేలేదు పాపం. ఆయన మాత్రం బరువు పెద్దగ మార్చకుండ అక్కడ్నే ఉన్నడు. వాళ్ళ నాయన సంసాముద్దీన్ సార్ దగ్గర్నే మా నిఖత్ గూడ మొదట నేర్సుకున్నది, గది వేరే సంగతి.

ఇగ బరువు మార్చుడు గురించి అడిగిర్రు కాబట్టి ఒకటి జెప్త. వికాస్ కృష్ణన్‌ను చూడుండ్రి. 2010 గ్వాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్ కొట్టింది ఏ బరువుల? 60 కేజీలు, లైట్ వెయిట్. పద్దెనిమిదేండ్ల పోరడు. మల్ల ఏడాదికే 69కి పోయి బాకు వరల్డ్స్‌ల బ్రాంజ్. తొమ్మిది కేజీలు ఎక్కిండు! తర్వాత 75కి పోయి 2018ల కామన్వెల్త్ గోల్డ్. ఎదిగే పోరనికి ఒళ్ళు ఎటు పోతదో బరువు అటు పోవాలె గంతే. కట్టేసి ఆపితే ఆగతదా. శివ సంగతి వేరు, ఆయన 23 ఏండ్లకు మారిండు, అప్పటికి ఎదుగుడు అయిపోయింది, అంత పొడుగు మనిషి గూడ గాదు. మీ మేనల్లునికి పదిహేడే అంటున్నరు, అయితే శివ కంటే వికాస్ లెక్కనే దగ్గర.

రైల్వే_కోటా:

నేను యూనివర్సిటీ లెవెల్ దాకా ఆడా, తర్వాత ఉద్యోగం పెళ్ళి పొట్ట. ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు, అది చెప్పి పోతా.

టీవీలో ప్రొఫెషనల్ ఫైట్లు చూసి కుర్రాళ్ళు బరువు తగ్గించడం నేర్చుకుంటారు, అక్కడే కొంప మునుగుతుంది. ప్రోలో తూకం ఒక్కసారే, ఫైట్‌కి ముందు రోజు. తూకం అయ్యాక తిని తాగి నిద్రపోయి మర్నాడు ఆడతారు. మన అమెచ్యూర్‌లో అలా కాదు, బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే కాటా ఎక్కాలి. స్టేట్ మీట్‌లో నాలుగు బౌట్లుంటే నాలుగుసార్లు. మొదటి రోజు ఎలాగో దింపేస్తావ్, గెలుస్తావ్, సాయంత్రం కడుపు నిండా తింటే రేపు పొద్దున్న 55 దాటేస్తావ్. తినకపోతే మూడో రౌండ్‌లో కాళ్ళు లేవవు. నేను ఒకసారి సెమీస్ రోజు పొద్దున 200 గ్రాములు ఎక్కువున్నానని ముప్పావుగంట తాడాట ఆడి, ఉమ్మి ఉమ్మి, తల గొరిగించుకోవడానికి కూడా సిద్ధపడి తూకం దాటా. ఆ సాయంత్రం బౌట్‌లో నా చేతులు నాకు కనపడ్డాయి గానీ నేను చెప్పిన మాట వినలేదు. రెండో రౌండ్‌లో రెఫరీ ఆపేశాడు, మంచి పని చేశాడు.

మీవాడు 59 నుంచి 55కి దిగి నాలుగు రోజులు అక్కడే నిలబడాలి. పదిహేడేళ్ళ ఒంటికి అది చాలా ఎక్కువ. నీళ్ళు మానేయడం మాత్రం ఈ రోజే ఆపించండి, దాని మీద చర్చ అక్కర్లేదు, ఒకసారి డాక్టర్‌కి కూడా చూపించండి. తలకి దెబ్బలు తగిలే ఆటలో ఒంట్లో నీళ్ళు లేకుండా ఎక్కకూడదు. మగవాళ్ళ ఎలీట్ బాక్సింగ్‌లో 2013 నుంచి తలకి హెడ్‌గార్డ్ కూడా లేదు, రేపు పెద్దయ్యాక మీవాడూ అక్కడికే కదా వెళ్ళేది.

కోచ్ మాట కూడా పూర్తిగా కొట్టిపారేయకండి. 55కి 60కి మధ్య ఐదు కేజీల గ్యాప్, మధ్యలో బరువు లేదు. 60లో మీవాడితో ఆడేవాళ్ళలో 63, 64 నుంచి దిగి వచ్చినవాళ్ళుంటారు, భుజాలు చూస్తేనే తెలుస్తుంది. మొదటి ఆరు నెలలు దెబ్బలు తింటాడు. తిననివ్వండి.

గాజువాక_మావయ్య:

చాలా థ్యాంక్స్ అందరికీ, ఇంత రాస్తారని అనుకోలేదు. ఒక్క డౌట్ ఉండిపోయింది. 60లో మెడల్స్ వచ్చాయి సరే, మరి టోక్యోకి ఎందుకు వెళ్ళలేకపోయాడు? మనీశ్ కౌశిక్ అడ్డమొచ్చాడనేనా?

పాత_స్కోర్‌కార్డు:

అసలు కథ ఇక్కడుంది, నేనే మొదట చెప్పాల్సింది.

రియోలో మగవాళ్ళకి 10 బరువులు. ఆడవాళ్ళకి బరువులు పెంచడం కోసం టోక్యోకి మగవాళ్ళవి 8కి తగ్గించారు, పారిస్‌కి 7. ఆ తగ్గింపులో ఎగిరిపోయిన వాటిల్లో 56, 60 రెండూ ఉన్నాయి! వాటి బదులు 57, 63 వచ్చాయి. అంటే శివ 56 వదిలేసి 60కి వచ్చి రెండేళ్ళు కష్టపడి అక్కడ నిలదొక్కుకుంటే, కిందనున్న చాప లాగేశారు. వెనక్కి 57కి దిగలేడు, ముందుకు 63కి ఎక్కాలి. పేరు లైట్ వెయిటే, మనుషులు మాత్రం మూడు కేజీలు పెద్దవాళ్ళు. బస్సెక్కి సీట్లో కూర్చున్నాక బస్సు ఆ రూట్లో పోదని చెప్పినట్టు.

మనీశ్ కూడా 60 నుంచే వచ్చాడు, 2018 గోల్డ్‌కోస్ట్‌లో 60 కేజీల సిల్వర్ అతనిదే, కానీ అతను శివ కంటే కుర్రాడు, 63 చక్కగా సరిపోయింది. 2019లో యెకతెరిన్‌బర్గ్ వరల్డ్స్‌లో 63లో బ్రాంజ్ తెచ్చాడు, సెమీస్‌లో ఓడింది క్యూబా ఆండీ క్రూజ్ చేతిలో. ఆ ఊపులో అమ్మాన్ క్వాలిఫయర్‌కి వెళ్ళింది మనీశే, చెయ్యి దెబ్బ తగిలినా ఆస్ట్రేలియా గార్‌సైడ్‌ని కొట్టి మరీ టోక్యో బెర్త్ తీసుకున్నాడు. గోల్డ్‌కోస్ట్ ఫైనల్లో తనని ఓడించినవాణ్ణే.

బాధ ఏంటంటే శివ 63లో కూడా తీసిపోలేదు. 2019 అక్టోబర్‌లో టోక్యోలోనే ఒలింపిక్ టెస్ట్ ఈవెంట్ (ఒలింపిక్స్‌కి ముందు రిహార్సల్ లాంటి పోటీ) పెడితే 63లో గోల్డ్ శివదే, ఫైనల్ 5-0. టోక్యోలో గోల్డ్ కొట్టాడు, టోక్యో ఒలింపిక్స్‌కి మాత్రం వెళ్ళలేదు. మనీశ్ వెళ్ళి బ్రిటన్ ల్యూక్ మెకార్మాక్‌తో మొదటి బౌట్‌లో 1-4.

నాలుగో_తాడు:

ఈ బరువులు ఎత్తేసిన సంగతి నాకు ఇలా వరసలో పెట్టి చూస్తే తప్ప తట్టలేదు. సరే, నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే. హాంగ్జౌ 0-5 నా దగ్గరే ఉంచుకుంటా 😀

పారిస్‌కి అయితే 63.5లో మనవాడు ఒక్కడూ లేడు, మగవాళ్ళలో పంఘాల్, నిశాంత్ దేవ్ ఇద్దరే.

పాత_స్కోర్‌కార్డు:

ఉంచుకో బ్రదర్. ఇంకో విచిత్రం తెలుసా, లాస్ ఏంజెలిస్ 2028కి మగవాళ్ళ బరువులు 55, 60, 65, 70, 80, 90, 90 పైన. అంటే 60 మళ్ళీ వచ్చేసింది! శివకి కావాల్సినప్పుడు లేదు, ఇప్పుడుంది. మావయ్య గారి మేనల్లుడికి మాత్రం ఆ దిగులు లేదు, ఇటు 55, అటు 60, రెండూ ఒలింపిక్ బరువులే.

ఇందూరోడు:

శివకు ఓఎన్‌జీసీల కొలువొచ్చింది, 2016ల అర్జున వచ్చింది, ఆరు ఆసియా మెడల్స్ తెచ్చిన మగ బాక్సర్ ఆయనకంటే ముందు మన దేశంల లేడు. గిట్లాంటి "పోయిన కెరీర్" మా గల్లీ పోరగాళ్ళకు ఒక్కనికన్న దొరికితే మస్తు ఖుషీ అయిత.

గాజువాక_మావయ్య:

అప్‌డేట్ పెడుతున్నా. నిన్న రాత్రి వాణ్ణి కూర్చోబెట్టి ఈ థ్రెడ్ మొత్తం చదివించా. రైల్వే_కోటా గారు రాసింది రెండుసార్లు చదివాడు. నీళ్ళు మానేయనని వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు. కోచ్‌తో కూడా ఫోన్లో మాట్లాడా, ఆయన మంచాయనే, "పోనీ 60లో వేద్దాం, ఈ ఏడాది మెడల్ అడక్కండి" అన్నాడు. జిల్లా ఎంట్రీ ఫారం మీద 60 అని నేనే రాశా, అక్క సంతకం పెట్టింది, వాడు మాత్రం పెట్టలేదు. పొద్దున ఇడ్లీలు తింటూ నెమ్మదిగా బయటపెట్టాడు అసలు సంగతి. వాళ్ళ సెంటర్‌లోనే పక్క వీధి కుర్రోడు ఒకడు 60లో ఆడతాడంట, స్పారింగ్‌లో వీణ్ణి ఇప్పటికి ఒక్కసారి కూడా గెలవనివ్వలేదంట. అందుకే ఇన్నాళ్ళూ పస్తులు!

నాలుగో_తాడు:

హహహ అయితే మీవాడికి బరువు సమస్య కాదు సార్, మనీశ్ కౌశిక్ సమస్య.